పేరు రాయని కొమ్మ

జులై 9

ఈరోజు కూడా ఎల్లేశం సార్ నన్నే బోర్డు దగ్గరికి పిలిచారు. మిగతావాళ్ల మొహాలు చూడాలి! టీచర్ పోస్టుల పరీక్షకు జగిత్యాలలో ఎన్ని ట్యుటోరియళ్లున్నా, మైండ్ మ్యాప్ అన్న మాట పలికింది మా సార్ ఒక్కరే. హైదరాబాదులో ఏదో శిక్షణకు పోయి నేర్చుకొచ్చారు. కాగితం మధ్యలో విషయం రాయాలి. దాని నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి రెమ్మలు. ఒక్కో కొమ్మకు ఒకటే మాట. దస్తాలకు దస్తాలు రాసుకునే నోట్సు ఒక్క కాగితంలోకి దిగిపోతుంది.

అసలు కిటుకు ఇంకోటుంది. ముందు కొమ్మలన్నీ గీసెయ్యాలి. ఆ తర్వాతే మాటలు నింపాలి.

"ఖాళీ కొమ్మ కనవడితె మెదడుకు దురద వెడ్తదిరా. ఇగ అది ఊకోదు. యాడున్నా ఆ మాటను ఎతుక్కొస్తది" అన్నారు సార్.

నేను మొక్కల పాఠం మొత్తం ఒక్క చూపుతో బోర్డు మీద దించేశాను. సార్ చప్పట్లు కొట్టించారు. నా రూమ్మేటు నర్సింగం మాత్రం ఇంకా గోడకు ఆనుకుని ఊగుతూ బట్టీ పడుతున్నాడు. వాడికి ఉద్యోగం రాదు. రాకూడదు కూడా. వాడి దగ్గర చదువుకోవడానికి ఆ పిల్లలేం పాపం చేశారు!

జులై 13

బోయినపల్లి నుంచి రాధమ్మ అక్క మామిడికాయ తొక్కు పంపింది. మూత చుట్టూ గుడ్డ కట్టి, దాని మీద మళ్లీ దారం చుట్టి. అక్క ఏ పని చేసినా అంతే. బావ దుబాయి పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. బీడీలు చుట్టి నన్ను చదివిస్తోంది. నాకు ఉద్యోగం రానీ, అక్క ఒళ్లో ఇక బీడీల చాట కనపడనివ్వను.

జులై 20

మొక్కల మ్యాపును పెద్ద డ్రాయింగ్ షీటు మీద ఏడు రంగుల్లో గీసి గోడకు అంటించాను. చాలా బాగుంది. నేనే అంటున్నాను.

జులై 23

ఇప్పుడే గదికి తిరిగొచ్చాను. రాస్తాను.

పొద్దున పోలీసులు నక్సలైట్ల కోసం మా వీధిలో స్టూడెంట్ల గదులన్నీ వెతికారు. మా గదిలోకి పోశం అనే కానిస్టేబుల్ వచ్చాడు. గోడ చూసి అట్లాగే నిలబడిపోయాడు.

"సార్! ఈడ దళాలున్నయ్!" అని బయటికి కేకేశాడు.

కొమ్మకు ఒకటే మాట ఉండాలి కాబట్టి నేను బీజం అన్న మాట తీసేసి ఏకదళం, ద్విదళం అని మాత్రమే రాశాను. పైన తల్లివేరు, పీచువేరు. కింద వరి, కంది, మొక్కజొన్న. వాడు చదువుతూ పోతున్నకొద్దీ వాడి కళ్లు పెద్దవవుతున్నాయి. నన్నూ నర్సింగాన్నీ జీపెక్కించారు. షీటును చుట్టి, బాంబును పట్టుకున్నట్టు పోశం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఏ ఊరి స్టేషనో ఇక్కడ రాయను. ఎస్సై షీటు పరిచి అడిగాడు.

"ఏకదళంల ఎందరున్నర్రా?"

"అది మొక్కలది సార్."

"తల్లివేరు ఎవడు?"

"మొక్కకే ఉంటది సార్ తల్లివేరు."

"వరి అంటె ఏందిరా? తుపాకులా, మనుషులా?"

"వరి అంటె వరే సార్."

నర్సింగం నేల మీద కూర్చుని వలవలా ఏడ్చాడు. "నాకేం ఎరుకలేదు సార్. నేను గివన్నీ గియ్య. నేను ఉత్తగ బట్టీ వడ్త సార్" అన్నాడు. వాణ్ని వెంటనే వదిలేశారు. బట్టీ వల్ల లోకంలో ఒక్కడికైనా లాభం కలగడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

మధ్యాహ్నం సీఐ వచ్చాడు. కోస్తా వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. షీటు చూసి పడీపడీ నవ్వాడు. "బోటనీ రా ఇది, వెధవల్లారా" అని ఎస్సైని తిట్టి, నాకు కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. నా మీద ఒక్క దెబ్బ కూడా పడలేదు. చదువుకు దక్కిన మర్యాద ఇది.

ఎలా గీస్తావు, ఎందుకు గీస్తావు అని అడిగాడు. చెప్పాను. కొమ్మలు ముందు, మాటలు తర్వాత అన్నాను. ఖాళీ కొమ్మ చూస్తే మెదడుకు పుట్టే దురద సంగతీ చెప్పాను. క్లాసులో కూడా నా మాట ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

"రేపు సాయంత్రం ఒకసారి రావయ్యా మార్కండేయులూ. చిన్న పనుంది" అన్నాడు.

జులై 24

వెళ్లాను. వెళ్లకపోతే వాళ్లే వస్తారు.

సీఐ గదిలో బల్ల నిండా కాగితాలు. దొరికినవాళ్లవీ, లొంగిపోయినవాళ్లవీ వాంగ్మూలాలట. తలా ఒక చేతిరాత, తలా ఒక యాస.

"ఇవన్నీ చదివే ఓపిక ఇక్కడ ఎవడికుంది? నువ్వు ఒక్క కాగితం మీదకి దించు. మధ్యలో దళం పెట్టు. ఈసారి నిజం దళం" అని నవ్వాడు.

"పరీక్ష ఉంది సార్" అన్నాను.

"రాస్తావ్. పాసవుతావ్ కూడా, తెలివైనోడివి. ఆ తర్వాత నీ వెరిఫికేషన్ కాగితం నా టేబుల్ మీదకే వస్తుంది. అప్పుడు నేనేం రాయాలో నువ్వే చెప్పు."

కొత్త స్కెచ్ పెన్నుల డబ్బా నా ముందు పెట్టాడు. పన్నెండు రంగులవి. నేను కొన్నది ఏడు రంగులదే.

రాత్రంతా ఆలోచించి ఒక సంగతి తేల్చుకున్నాను. ఈ పేర్లేవీ నేను చెప్పినవి కావు. ఎవరో చెప్పారు, ఎవరో రాసుకున్నారు. నేను సర్దుతున్నానంతే.

జులై 29

నాలుగు పెద్ద కొమ్మలు తేలాయి: బియ్యం, మందులు, బట్టలు, కబుర్లు. పని కష్టంగా ఉంది కానీ విసుగ్గా లేదు. వాంగ్మూలాలు రాసిన కానిస్టేబుళ్లకు ఒత్తులు రావు, దీర్ఘాలు రావు. ఒక కాగితం మూల ఎర్రటి మరకుంది. పోశం పాన్ నములుతాడు.

ఎల్లేశం సార్ దారిలో ఎదురై, "సాయంత్రాలు క్లాసుకు వస్తలేవేందిరా? యాడ వోతున్నవ్?" అని అడిగారు. కంబైన్డ్ స్టడీ అన్నాను. అబద్ధమేం కాదు.

ఆగస్టు 4

ఈరోజు నేను చేసిన పని సార్ చూసి ఉంటే బాగుండేది.

ఒక వాంగ్మూలంలో, దళానికి ఆకుపచ్చ బట్టలు కుట్టేవాడు ఎడమచేతి వాటం మనిషి అని ఉంది. ఊరు లేదు. ఇంకెక్కడో, వేరే మనిషి చెప్పిన ముచ్చట్లో, కోరుట్లలో ఒక దర్జీకి మస్కట్ నుంచి వచ్చిన బామ్మర్ది ఎడమచేతి కత్తెర తెచ్చిచ్చాడని ఉంది. ఆ ముచ్చట దేనికో చెప్పింది, దేనికో రాసుకున్నారు. ఇన్నాళ్లుగా ఆ రెండు కాగితాలూ ఒకే బల్ల మీద ఉన్నా ఎవడికీ తట్టలేదు. నేను రెండు రెమ్మల మధ్య చుక్కల గీత గీశాను.

సీఐ గారు లేచి నిలబడ్డారు. నా భుజం మీద చరిచి, "ఏం బుర్రయ్యా నీది!" అన్నారు. బిర్యానీ తెప్పించారు. నాకు చాలా సంతోషమైంది. నా డైరీలో నాకు అబద్ధమెందుకు, ఎల్లేశం సార్ కొట్టించిన చప్పట్ల కంటే ఇదే ఎక్కువ సంతోషం.

ఆగస్టు 8

పేపర్లో ఉంది. కోరుట్ల అవతల గుట్టల్లో ఎదురుకాల్పులు. ఒకడు చనిపోయాడు, వృత్తి దర్జీ.

కోరుట్లలో ఎంతమంది దర్జీలుంటారో.

ఆగస్టు 9

ట్యుటోరియల్‌లో మోడల్ పరీక్ష. ఫస్టు నేనే.

ఆగస్టు 11

సీఐ గారు ఆ రెమ్మను నల్లరంగుతో కొట్టెయ్యమన్నారు. "గీసినోడివి నువ్వే, కొట్టెయ్యడం కూడా నువ్వే చెయ్యాలి. వేరేవాడు చేస్తే పాడుచేస్తాడు" అన్నారు. నిజమే, పోశానికి ఇచ్చి ఉంటే షీటంతా అలికేసేవాడు. స్కేలు పెట్టి కొట్టేశాను.

గదికి వచ్చేసరికి నర్సింగం పెట్టె సర్దుకుంటున్నాడు.

"ఊర్ల పనుందిరా" అన్నాడు.

"పరీక్ష ముందరా?"

"నాకు జేబు రుమాలు కుట్టిచ్చిండురా ఆ దర్జీ. కోరుట్ల మా మేనమామ ఊరు" అన్నాడు నా మొహం చూడకుండా.

వాడు ఎందుకు చెప్పాడో తెలియదు. వాడికి ఏమీ తెలిసే అవకాశమే లేదు. బట్టీగాడు.

గది ఇప్పుడు విశాలంగా ఉంది.

ఆగస్టు 18

తప్పు జరిగింది. తప్పంటే నాది కాదు, అలవాటుది.

బియ్యం కొమ్మ మీద పని చేస్తున్నాను. బోయినపల్లి మండలం వాంగ్మూలాలు. అది అక్క ఊరే కానీ, ఊళ్లో ఎంతమంది లేరు! కొమురయ్య అనేవాడు ఇళ్ల నుంచి అన్నం మూట కట్టుకుని దళానికి మోస్తాడట. అతను మోసేది ఐదిళ్ల నుంచి అని మొదటి వాక్యంలోనే ఉంది. పద్ధతి ప్రకారం ముందు ఐదు రెమ్మలూ గీసేశాను, ఎర్ర స్కెచ్ పెన్నుతో. ఆ తర్వాత పేర్లు నింపుతూ వచ్చాను. నాలుగు నింపాను. ఐదోది చదివాను.

"రాధమ్మ. మొగడు దుబాయిల ఉంటడు. బీడీలు చేస్తది. పుట్టిల్లు సిరిసిల్ల."

బట్టీగాడయితే ఒక్కో వాక్యం చదివి, ఒక్కోటి రాసుకునేవాడు. వాడికి ఐదో గీత ఉండేదే కాదు.

స్కెచ్ పెన్ను గీత చెరగదు. బ్లేడుతో గీకితే షీటు చిరిగేలా ఉంది. దాని చివర వరికంకి బొమ్మ వేశాను, అలంకారంలా. రెండు గింజలు పసుపు రంగు కూడా నింపాను. వాంగ్మూలాన్ని కట్ట మధ్యలోకి తోసేశాను. సీఐ గారు కాగితాలు చదవరు, మ్యాపే చూస్తారు.

అక్క ఏం చేసింది? తుపాకీ పట్టుకుని వచ్చి అన్నం పెట్టమంటే పెట్టింది. ఎవరు పెట్టరు?

మరి ఆ నలుగురు? వాళ్ల సంగతి వేరు అయ్యుండాలి.

ఆగస్టు 19

బోయినపల్లికి పోయి అక్కతో ఒక్క మాట చెప్పి రావచ్చు. అమ్మ దగ్గరికి సిరిసిల్ల పో, అక్కడి నుంచి ఎటైనా పో అని. పొద్దున బస్సుంది.

వాన పడుతోంది. సీఐ గారు సాయంత్రం రమ్మన్నారు. నేను స్టేషనుకు పోకపోతే ఎక్కడికి పోయావని అడుగుతారు. అడిగితే అక్కకే ప్రమాదం. బోయినపల్లికి పోకపోవడమే అక్కకు మంచిది.

ఆగస్టు 21

సీఐ గారు షీటును గోడకు కొట్టించి, చేతులు వెనక్కి పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇదేంటయ్యా?"

"వరికంకి సార్. డిజైను."

"షీటు మొత్తం మీద ఇదొక్కటే డిజైను. అన్ని రెమ్మలకీ పేర్లున్నాయ్, దీనికి బొమ్మ ఉంది." మెడ గోక్కుంటూ నవ్వారు. "నువ్వు చెప్పింది నిజమే. దురద పుడుతోంది."

ఆయన మొదటిసారి కట్ట విప్పి కాగితాలు చదివారు. నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. ఆ కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆగి, సొరుగులోంచి నా వివరాలు రాసుకున్న కాగితం తీసి పక్కన పెట్టుకున్నారు. సిరిసిల్ల. అక్క రాధమ్మ, బోయినపల్లి. బావ దుబాయి. మొదటి రోజు టీ తాగుతూ నేను చెప్పినవే.

తిట్టలేదు. దానికే భయమేసింది.

ఆగస్టు 22

ఇది రాసి తర్వాత చింపేస్తాను.

అక్కను తెచ్చారు. వాళ్లు తెచ్చేసరికి నేను పక్క గదిలో ఉన్నాను. తలుపు సందులోంచి చీర అంచు కనిపించింది.

సీఐ గారు నా దగ్గరికి వచ్చి తలుపేశారు. "ఆడకూతురు. ఆవిడ మీద చెయ్యి వెయ్యడం నాకిష్టం లేదు. వెయ్యకుండా ఉండాలంటే నీ సాయం కావాలి. నువ్విక్కడున్నావని చెప్పాను. నిన్నూ పట్టుకొచ్చామనుకుంటోంది. నువ్వు అరిస్తే చాలు" అన్నారు.

"ఎందుకు సార్?"

"నిన్ను కొడుతున్నామనుకుంటుంది. అంతే. నీకు దెబ్బ తగలదు, ఆవిడకీ తగలదు. లేదంటావా, నీ ఇష్టం. అప్పుడు అరిచేది ఆవిడ."

ఇందులో నేను ఎంచుకోవడానికి ఏముంది? ఎవరైనా ఏం చేస్తారు?

పోశం మూలనున్న పరుపు చుట్టను బల్ల మీదకెత్తి లాఠీతో కొట్టాడు. నేను అరిచాను. గొంతు రాలేదు. సీఐ గారు తల అడ్డంగా ఊపారు. పోశం మళ్లీ కొట్టాడు. రెండోసారి బాగా అరిచాను. మూడోసారికి ఎవరూ చెప్పకుండానే అక్కా అన్నాను.

గోడ అవతల అక్క గొంతు. "అయ్యా, మీ కాల్మొక్త! వాన్ని కొట్టకుండ్రి. సదువుకునే పిలగాడు, వానికేం ఎరుకలేదు. అన్నం నేను వెట్టిన. నన్ను అడుగుండ్రి, నేను చెప్త. అన్ని చెప్త!"

సీఐ గారు నా వైపు చూసి వేలు తిప్పారు, ఇంకొక్కసారి అని. అరిచాను.

అక్క చెప్పింది. కొమురయ్య మక్కచేన్ల మధ్య బావి మోటరు గదికి వస్తాడనీ, శుక్రవారం వస్తాడనీ, ఒక్కడే వస్తాడనీ. చెబుతున్నంతసేపూ మధ్యమధ్యలో ఒకటే మాట. "వాన్ని ఆపిండ్రా సార్? కొడ్తలేరు గదా?"

పోశం లాఠీని గోడకు ఆనించి చెమట తుడుచుకున్నాడు.

"గింత మంచిగ ఒర్రుతవనుకోలే" అన్నాడు.

అక్క మీద చెయ్యి పడలేదు. నేను చేసిందాని వల్లే పడలేదు.

ఆగస్టు 23

ఇద్దర్నీ కలిపి వదిలారు. బస్సులో అక్క కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి, తన కొంగు మడిచి నా వీపు వెనక పెట్టింది, సీటు ఒత్తుకోకుండా.

"యాడ కొట్టిండ్రు తమ్మీ?"

"వీపు మీద. పాదాల మీద."

"నీ ఒర్రుడు ఇనంగనే నా పానం వోయిందిరా. చిన్నప్పుడు నేత సాంచ కాడ నీ ఏలు నలిగినప్పుడు గూడ గట్ల ఒర్రలే నువ్వు."

బస్సు దిగి అక్క ఇంటి దాకా కుంటుకుంటూ నడిచాను. అక్క కోసమే. కుంటకపోతే అనుమానపడి బాధపడేది. వేడినీళ్లు కాచి కాపడం పెడతానంది. నిద్ర వస్తోందన్నాను.

ఆగస్టు 29

శుక్రవారం నిన్న. పేపర్లో ఈరోజు. మక్కచేన్లో ఎదురుకాల్పులు. కొమురయ్య ఫొటో వేశారు. నేను అనుకున్నదానికంటే ముసలివాడు.

నల్లరంగు అయిపోవచ్చింది.

ఆగస్టు 30

ఇక రానక్కర్లేదన్నారు సీఐ గారు. "నీ వెరిఫికేషన్‌లో మచ్చ ఉండదు. హామీ నాది" అని చేయి కలిపారు. స్కెచ్ పెన్నుల డబ్బా నన్నే ఉంచుకోమన్నారు.

సెప్టెంబరు 6

బోయినపల్లి వెళ్లాను. కుంటడం మరిచిపోయాను. వాకిట్లోకి వచ్చాక గుర్తొచ్చింది కానీ అప్పటికే అక్క చూసేసింది.

"తగ్గిందా తమ్మీ! సల్లగుండు" అని మొహం కడుక్కోవడానికి నీళ్లిచ్చింది.

అక్క ఒక్కతే బీడీలు చుట్టుకుంటోంది. రోజూ కలిసి కూర్చునే ఆడవాళ్లెవరూ లేరు. ఎదురింటి దేవమ్మ గడప దగ్గర నిలబడి మమ్మల్ని చూసి లోపలికి పోయింది.

"ఎవలు మాట్లాడ్తలేరు. కొమురయ్య పెండ్లం నా ఇంటి ముంగట మన్ను తీసి వోసింది" అంది అక్క. ఆకు కత్తిరిస్తూనే ఉంది. "తమ్మీ, ఒక్కటి నిజం చెప్పు. నేను చెప్పకపోతె నిన్ను సంపుతుండిరి గదా?"

ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే అక్క నా మొహాన ఉమ్మేది. ఉమ్మినా, ఆ తర్వాత సీఐ మీద పడి ఏడ్చినా, ఊరి ముందర నిలబెట్టి నన్నే చూపించినా, అక్క ఆ నింద నుంచి బయటపడేది. ఇవన్నీ నాకు ఆ క్షణంలోనే తెలుసు.

"అవునక్కా. సంపుతుండిరి" అన్నాను.

"గట్లయితె మంచిదే చేసిన" అని ఊపిరి వదిలింది. మళ్లీ, "కొన్ని దినాలు సిరిసిల్లకు అమ్మ కాడికి వోతె మంచిదా? ఒక్కదాన్ని పోవాల్నంటె భయమైతుంది. దార్ల ఎవలన్న ఆపుతరేమో. నువ్వు దోలుకపోతవా?" అంది.

"పరీక్ష దగ్గరికొచ్చింది. కాంగనె వచ్చి దోలుకపోత."

"అవ్ మల్ల, పరీక్ష ముఖ్యం" అంది అక్క.

సెప్టెంబరు 13

పరీక్ష చాలా బాగా రాశాను. ఏకదళ, ద్విదళ బీజాల భేదాలు అడిగారు.

సెప్టెంబరు 14

పొద్దున బోయినపల్లి బస్సు ఎక్కుదామనుకున్నాను. పరీక్ష అలసట, లేవలేకపోయాను. రేపు వెళ్తాను.

సెప్టెంబరు 15

వెళ్లలేదు.

సెప్టెంబరు 17, సిరిసిల్ల

రాయాలి. రాయకపోతే తల పగిలేలా ఉంది.

పద్నాలుగు రాత్రి దళం వచ్చిందట. నేను పడుకుని ఉన్న ఆ రాత్రే. దేవమ్మ అంతా చూసింది. అక్క శవం వెంట ఇక్కడిదాకా వచ్చింది. మాట్లాడకుండా ఇన్నాళ్లూ ముఖం తిప్పుకున్నందుకు గుండెలు బాదుకుంటూ మా అమ్మకు చెప్పింది.

"అందర్ని నిలవెట్టి అడిగిండ్రు ఇంద్రమ్మా. కొమురయ్యను పట్టిచ్చింది ఎవలు అని. నేనే అన్నది. ఒక్కదానివేనా అంటె ఒక్కదాన్నే అన్నది. నీ తమ్ముడు గూడ ఆడికి వోయిండట గదా, వాడేం జేసిండు అన్నరు. వాడు దెబ్బలు తిన్నడు, వాని నోట్లకెల్లి ఒక్క మాట ఎల్లలే, చెప్పింది నేను అన్నది. నా తమ్ముని జోలికి రాకుండ్రి అని దండం వెట్టింది. గప్పుడు తీస్కపోయిండ్రు."

ఊరి బయట కాల్చేశారు. మెడలో ఇన్‌ఫార్మర్ అని రాసిన అట్ట వేలాడదీశారట. ఎర్ర రంగుతో, పెద్ద అక్షరాలతో, ఒకటే మాట.

మా వీధిలో మరమగ్గాల సాంచాలన్నీ ఆపేశారు. ఆ చప్పుడు లేకపోతే మా ఇల్లు మా ఇల్లులా లేదు. వాకిలి నిండా ఆడవాళ్లు. దుబాయికి ఫోను చేశారు, బావ రాలేడట. అమ్మ రెండు రోజులుగా ఏమీ తినలేదు. ఈరోజు పొద్దున ఉన్నట్టుండి లేచి లోపలికి పోయి, గిన్నెలో నూనె వెచ్చచేసి, పసుపు కలిపి తెచ్చి నా వెనక కూర్చుంది.

"కొడుకా, అంగి ఇడువు."

"ఎందుకమ్మా?"

"మిమ్ముల ఇడిసిన రెండొద్దులకు వచ్చినప్పుడు నా బిడ్డ ఒక్కటే ముచ్చట చెప్పుకుంట ఏడ్సింది. తమ్ముని ఈపు ఆగమైంది, అవ్వా, ఒక్కసారి నూనె వెట్టి రుద్దవే అన్నది. దాని మాట చెల్లనియ్. ఇడువు."

"తగ్గిపోయినయ్ అమ్మా."

"తగ్గితె తగ్గినయ్. మచ్చలన్న ఉంటయ్ గదా. నా బిడ్డ దేనికోసం సచ్చిందో నన్ను సూడనియ్."

ఆడవాళ్లంతా మాటలు ఆపి మా వైపు తిరిగారు. దేవమ్మ ముందుకు జరిగింది. అమ్మ నూనె చేయి నా మెడ దగ్గర చొక్కా కాలరు కిందికి దూరింది. గుండీ ఒకటి ఊడింది. ఇంకో రెండు వేళ్లు కిందికి పోతే చాలు, నున్నటి వీపు. పుట్టినప్పటి నుంచి ఒక్క దెబ్బ ఎరగని వీపు.

అరిచాను. ఆ రోజు కంటే బాగా అరిచాను.

అమ్మ గబుక్కున చేయి లాక్కుంది. నూనె గిన్నె ఒలికిపోయింది. వాకిట్లో ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడుపందుకున్నారు. "అయ్యో, ఎంత కొట్టిండ్రో పిలగాన్ని" అని ఎవరో అన్నారు.

"ఇంక గంత నొస్తున్నయా కొడుకా?" అని అమ్మ నా తల తన ఒళ్లోకి లాక్కుంది.

అవునమ్మా అన్నాను.